విరగని కాలికి నల్లేరు పచ్చడి

ఇది మహాకావ్యం కావలసిన కథ. ఇందులో కంటికి కనపడని శత్రువు ఉన్నాడు. తెల్లవారేసరికి కూలిన కోట ఉంది. జుట్టు ముడి వేసుకోకుండా తిరిగిన తల్లి ఉంది. ఇల్లిల్లూ గాలించిన రాజభటులు ఉన్నారు. పద్యం కట్టడం తెలిసినవాళ్ళ చేతిలో పడితే ఆశ్వాసాలకు ఆశ్వాసాలు నడిచేది.

నా చేతిలో పడింది. శత్రువు ఎవరో చివరిదాకా తెలియలేదు కాబట్టి యుద్ధాన్ని వర్ణించే వీలు లేదు. కోట అంటే మా అక్క కూతురి కుడికాలు. తల్లి జుట్టు ముడి వేసుకోకపోవడానికి కారణం శపథం కాదు, ఆసుపత్రి బాత్‌రూంలో క్లిప్పు పోగొట్టుకుంది. రాజభటులు జిల్లా ఆరోగ్యశాఖవాళ్ళు. షేర్ ఆటోలో వచ్చారు.

నేను గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటాను. శనివారం వస్తే బస్సెక్కి ఇందిరాపురంలో అక్కావాళ్ళ ఫ్లాట్‌కి పోతాను. ఎవరైనా అడిగితే అక్క మీద ప్రేమ అని చెబుతాను. అసలు సంగతి పప్పుచారు. మా హాస్టల్ మెస్‌లో పప్పుచారు అనే పేరుతో వడ్డించే పదార్థం గురించి ఇక్కడ రాయను, ఇది ఇప్పటికే దిగులు కథ.

అక్కా బావా ఇద్దరూ నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. పిల్లను చూసుకోవడానికి బావ వాళ్ళమ్మగారు తెనాలి నుంచి వచ్చి ఉంటున్నారు. అక్క ఆవిణ్ణి అత్తయ్యగారు అంటుంది, అక్క చూసి నేనూ అంటాను. పిల్లకు ఆరేళ్ళు. ముందుపళ్ళు రెండూ లేవు. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. అత్తయ్యగారికి హిందీ ఒక్క ముక్క రాదు. అయినా నానమ్మా మనవరాలూ రోజంతా మాట్లాడుకునేవాళ్ళు, పోట్లాడుకునేవాళ్ళు కూడా. ఎదుటివాళ్ళు ఏమన్నారో తెలియదు కాబట్టి ప్రతి పోట్లాటలోనూ ఇద్దరూ గెలిచేవాళ్ళు.

వానాకాలం చివర్లో పిల్లకు జలుబు చేసి జ్వరం వచ్చింది. టవర్‌లో సగంమంది పిల్లలకు వచ్చిందే. సిరప్ తాగింది, తగ్గిపోయింది. ఆ వారం నేను వెళ్ళేసరికి సోఫాలో కార్టూన్లు చూస్తూ కులాసాగానే ఉంది. ఆదివారం ఉదయం బిస్కట్టు కోసం లేవబోయి కిందపడింది. ఏడవలేదు. తన కాలిని తనే వింతగా చూసుకుంటూ, "పిన్నీ, యే పైర్ మేరీ బాత్ నహీ సున్ రహా" అంది. కాలు మాట వినడం లేదట. ఈ ఇంట్లో ఎవరూ ఎవరి మాటా వినరు, నీ కాలు కూడా మన వంశమేగా అన్నాను. నవ్వింది. లేచింది. మళ్ళీ పడింది. రెండోసారికి నా దగ్గర జోకు లేదు.

తిమ్మిరెక్కి ఉంటుందని అత్తయ్యగారు ముందు అన్నారు. ఆ తర్వాత ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీశారు. బావ ఫోన్‌లో వెతికి విటమిన్ల లోపమని తేల్చాడు. అక్క మాత్రం పిల్ల రెండు అరికాళ్ళలోనూ చక్కిలిగిలి పెట్టింది. ఎడమ కాలు చటుక్కున వెనక్కి పోయింది. కుడికాలికీ చక్కిలిగిలి తెలుస్తూనే ఉంది, పిల్ల కిలకిలమంటోంది, కాలు మాత్రం పెట్టినచోటే ఉంది. నవ్వుతున్న పిల్లను అట్లాగే భుజాన వేసుకుని అక్క చెప్పులు కూడా లేకుండా లిఫ్ట్ దగ్గరికి పరిగెత్తింది. సినిమా అయితే ఇక్కడ సంగీతం పెంచుతారు. మా లిఫ్ట్ ప్రతి అంతస్తులోనూ ఆగింది. ఏడో అంతస్తులో ఒక అంకుల్ కుక్కతో ఎక్కి, ఇంట్లో ఏదో మరిచిపోయానని దిగి, అది తెమ్మని లోపలివాళ్ళను కేకేస్తూ, మేం వెళ్ళకుండా తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి ఉంచాడు.

దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రివాళ్ళు చూసి, ఇక్కడ కాదు, ఢిల్లీలో పెద్ద పిల్లల ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. అక్కడ ఒక డాక్టరమ్మ చిన్న రబ్బరు సుత్తితో మోకాళ్ళ మీద కొట్టింది. ఎడమకాలు ఎగిరింది. కుడిది ఊరుకుంది. ఆవిడ మళ్ళీ కొట్టింది, ఇంకొంచెం కిందకి కొట్టింది. ఇంట్లో ఎవరూ లేరని తెలిసీ ఇంకోసారి బెల్లు నొక్కిచూసే కొరియర్‌వాళ్ళు గుర్తొచ్చారు. వెన్నుకు స్కాన్ తీశారు. వెన్నుపాములో ఒకచోట వాపు ఉందన్నారు. పోలియో లాంటిది అన్నారు.

అక్క పోలియోనా అని అడిగింది. కాదనుకుంటున్నాం, లాంటిది అన్నారు. మరి దేనివల్ల వచ్చిందంటే ఏదో వైరస్ కావచ్చన్నారు. ఏ వైరస్ అంటే, చాలాసార్లు దొరకదన్నారు. టవర్‌లో అంతమంది పిల్లలకు జ్వరం వస్తే మా పిల్లకే ఇలా ఎందుకైందంటే, ఆ డాక్టరమ్మ, ఆ ప్రశ్నకు మా దగ్గర సమాధానం లేదమ్మా అంది. అంత చదువుకున్న మనిషి అంత తేలిగ్గా తెలియదని ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. మా కాలేజీలో అయితే బోర్డు చెరిపేసి రేపు చూద్దాం అంటారు.

అక్కను ఎక్కువ బాధపెట్టింది పోలియో అనే మాట. పోలియో చుక్కల విషయంలో ఆవిడది మామూలు శ్రద్ధ కాదు. ఆదివారం పోలియో బూత్‌కి తీసుకెళ్ళేది, మర్నాడు ఇంటికి వచ్చినవాళ్ళతో మళ్ళీ వేయించేది, విజయవాడ రైలెక్కుతుంటే స్టేషన్‌లో ఎదురైనవాళ్ళతోనూ వేయించేది. చిటికెనవేలి గోటి మీద ఒక ఇంకు మరక పోయేలోపు ఇంకోటి పడేది. వేలు చూసి ఎవరైనా ఈ పిల్ల ఓటు వేసొచ్చిందా అని అడగాల్సిందే. అలాంటి మనిషిని ప్రతి డాక్టరూ వచ్చి మొదట అడిగే ప్రశ్న, చుక్కలు వేయించారా అని. అడిగిన ప్రతిసారీ అక్క నేరం మోపినట్టు నిలబడి జవాబు చెప్పేది.

ఆ ఆసుపత్రికే మా జిల్లా ఆరోగ్యశాఖ నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. నడివయసు డాక్టరు, ఎప్పుడూ అలసిపోయినట్టుండే మొహం. పదిహేనేళ్ళలోపు పిల్లలకు ఎవరికైనా కాలో చెయ్యో ఉన్నట్టుండి చచ్చుబడితే, అది పోలియో అనిపించినా అనిపించకపోయినా తనకు కబురు రావాలట. పిల్ల మలం ఒకరోజు తేడాతో రెండుసార్లు పట్టి, ఐసు పెట్టెలో ల్యాబుకి పంపాలట. దేశంలో పోలియో లేదని చెప్పాలంటే ఇలా ప్రతి పిల్లనూ చూసి, ఇది కాదు, ఇదీ కాదు అనుకుంటూ పోవాలట. లేదు అని చెప్పడానికి ఇంత చాకిరీ ఉంటుందని నాకు తెలియదు.

చిక్కేమిటంటే, ఆ జబ్బు పొట్టను కూడా మందగింపజేసింది. పిల్లకు విరేచనం కాదు. ఒక ఎంటెక్, ఒక ఎంసీయే, ఒక బీటెక్ మూడో సంవత్సరం, ముగ్గురం మంచం చుట్టూ కూర్చుని ఎదురుచూశాం. ఇంటి నుంచి అత్తయ్యగారు ఫోన్‌లో ఆముదం, ఆముదం అంటున్నారు. తెనాలి, గుంటూరు, హైదరాబాదు బంధువులందరికీ బావ వాట్సాప్ గ్రూపులో పరిస్థితి తెలియజేస్తున్నాడు. చివరికి మొదటిది దొరికినప్పుడు గ్రూపులో దండం పెట్టే చేతులు వరసకట్టి పడ్డాయి. మా రెండు కుటుంబాల్లో ఎవరి ఫలితాలకూ అంత స్పందన రాలేదు. నా ఇంటర్ మార్కులకు అసలే రాలేదు.

మేం ఆసుపత్రిలో ఉండగా ఇంటి దగ్గర ఇంకో పని జరిగింది. పిల్ల ఏదని ఎదురింటి ఆంటీ అత్తయ్యగారిని అడిగింది. హిందీ రాని అత్తయ్యగారు కాసేపు ఆలోచించి, ఇద్దరికీ తెలిసిన మాట ఒకటి పట్టుకున్నారు. ఫ్రాక్చర్.

సాయంత్రం ఫోన్ చేసి అక్కతో చెప్పారు. అలా చెప్పాను, మీరూ అదే చెప్పండి అన్నారు. పోలియో అని ఎవరి నోటయినా పడితే పిల్లతో ఆడుకోవడానికి ఎవరూ తమ పిల్లలను పంపరని, తల్లి చుక్కలు వేయించలేదంటారని, ఆడపిల్ల కాబట్టి రేపు పెళ్ళి దగ్గర కూడా ఈ మాటే వస్తుందని. ముందుపళ్ళు ఇంకా రాని పిల్ల పెళ్ళి గురించి అంత దూరం వెళ్ళారంటే ఆవిడ ఎంత భయపడ్డారో తెలుస్తోంది. బావ కూడా అదే మంచిదన్నాడు. ఫ్రాక్చర్ అంటే ఎవరూ ప్రశ్నలు వేయరన్నాడు. అక్క అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ రోజుల్లో ఆవిడ దగ్గర అంతకు మించి మిగల్లేదు.

బావ లెక్క తప్పింది. మన దేశంలో వెన్నుపాము గురించి తెలిసినవాళ్ళు తక్కువేమో గానీ ఫ్రాక్చర్ తెలియనివాళ్ళు లేరు. ఇంటికి వచ్చాక ఒక్కొక్కరే రాసాగారు. కట్టు ఏదీ అన్నారు. హెయిర్‌లైన్ ఫ్రాక్చర్, కట్టు అక్కర్లేదన్నారని బావ చెప్పాడు. ఎక్కడ పడిందన్నారు. మెట్ల మీద అని బావా, బాత్‌రూంలో అని నేనూ ఒకేసారి చెప్పాం. రెండుచోట్లా పడిందనుకుని వాళ్ళు ఇంకా జాలిపడ్డారు.

అందరికంటే గట్టిగా పట్టుకున్నది పక్క టవర్‌లో ఉండే తెలుగు ఆంటీ. వాళ్ళది గుంటూరు. భర్త సెంట్రల్ గవర్నమెంట్‌లో పనిచేసి రిటైరయ్యాడు. బాల్కనీలో ఆవిడ నల్లేరు తీగ పెంచుతుంది. తడిగుడ్డలో చుట్టి గుంటూరు నుంచి రైల్లో తెచ్చిన తీగ అది, ఢిల్లీ చలికి రెండుసార్లు ఎండిపోయి మళ్ళీ చిగురించిందని ఆవిడకు గొప్ప. విరిగిన ఎముకను అతికించడంలో నల్లేరును మించింది లేదని మనవాళ్ళ నమ్మకం కదా. చేతులకు నూనె రాసుకుని లేత కణుపులు ఏరి, నేతిలో వేయించి, చింతపండు, నువ్వులు వేసి పచ్చడి నూరి పట్టుకొచ్చింది. డబ్బా ఖాళీ కాగానే మళ్ళీ తెచ్చింది.

వద్దనడానికి లేదు. ఫ్రాక్చర్ అని చెప్పిన తెలుగువాళ్ళు నల్లేరు పచ్చడి వద్దంటే అనుమానం రాదూ. కాబట్టి విరగని కాలి కోసం ఇంటిల్లిపాదీ నల్లేరు పచ్చడి తిన్నాం. చింతపండు ఎంత వేసినా గొంతులో కొంచెం దురద ఉంటుంది. పిల్ల మూతి తిప్పుకుని, "మేరీ హడ్డీ తో ఠీక్ హై, నానమ్మా" అనేది, నా ఎముక బాగానే ఉందిగా అని. అత్తయ్యగారికి అర్థమయ్యేది కాదు.

"తిను తల్లీ. ఎముక తొందరగా అతుక్కుంటుంది" అనేవారు.

మొదట్లో అది ఎదుటివాళ్ళ కోసం అన్నారనుకున్నాను. తర్వాత ఎవరూ లేనప్పుడు కూడా అనడం విన్నాను. ముద్ద కలిపి నోట్లో పెట్టి, కాలు నిమిరి, ఇంకో పదిహేను రోజులు అనేవారు. తను పుట్టించిన ఫ్రాక్చర్‌ను తనే నమ్మసాగారు. ఆలోచిస్తే తప్పు లేదు. ఫ్రాక్చర్‌కి కారణం ఉంటుంది, గడువు ఉంటుంది, ఒకరోజు కట్టు విప్పేస్తారు. మా పిల్లకు వచ్చినదానికి అవేవీ లేవు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ ఫ్రాక్చర్‌నే ఎంచుకుంటాను.

ఆ ఆఫీసరు ఒకరోజు ఇంటికి వచ్చాడు. ఇద్దరు ఆరోగ్య కార్యకర్తలను కింద నిలబెట్టి, తను పైకి వచ్చి టీ తీసుకున్నాడు. మేం ఆసుపత్రిలో ఉన్నప్పుడే వాళ్ళు ఒకసారి మా టవర్‌కి వచ్చి, ఇంకెవరైనా పిల్లలకు కాళ్ళో చేతులో చచ్చుబడ్డాయా అని ఇల్లిల్లూ అడిగారట. అందరూ ఒకటే చెప్పారట, అలాంటివాళ్ళెవరూ లేరు, తొమ్మిదో అంతస్తులో ఒక పిల్లకు మాత్రం ఫ్రాక్చర్ అయిందని. అంటే, ఏ పిల్ల వల్ల వాళ్ళు వెతకడానికి వచ్చారో ఆ పిల్లే వాళ్ళకు దొరకలేదు.

అతను కోప్పడలేదు. టీలో పంచదార కలుపుతూ నెమ్మదిగా, "మేడమ్, కిసీ ఔర్ ఘర్ మే భీ ఐసా హీ ఫ్రాక్చర్ హో, తో హమే కైసే పతా చలేగా?" అన్నాడు. ఇంకో ఇంట్లోనూ ఇలాంటి ఫ్రాక్చరే ఉంటే మాకెలా తెలుస్తుంది అని. ఇంకో పిల్ల దొరికితే ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడొచ్చు, నీళ్ళా, స్కూలా, ఇంకేదైనానా అని. ఒక్కరే ఉంటే దారం ఒక కొసే చేతిలో ఉన్నట్టు అన్నాడు.

అతను వెళ్ళాక అక్క ఆ మాటలన్నీ అత్తయ్యగారికి తెలుగులో చెప్పింది. ఆవిడ పిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చున్నారు.

"నేను దాని మంచికే చెప్పానమ్మా" అన్నారు చివరికి.

"నాకు తెలుసు అత్తయ్యగారూ" అంది అక్క.

అంతే. అరుపులు లేవు. అరుచుకునే ఇల్లయితే నాకు మధ్యలో దూరడానికి ఏదైనా దొరికేది.

నెల దాటేసరికి పిల్ల నిలబడగలిగింది. గోడ పట్టుకుని నడిచేది. కుడికాలిని ముందుకి వేయడం కాదు, తనతో పాటు తెచ్చుకునేది. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ వచ్చి చేయించేది. ఒక ఆదివారం సాయంత్రం కిందికి పార్కుకి తీసుకెళ్ళాం. బెంచీల మీద ఆంటీలు, గడ్డిలో పిల్లలు. ఎదురింటి ఆంటీ మా పిల్లను చూసి మురిసిపోయి, ఇప్పటికి అతుక్కుపోయి ఉంటుంది, పరిగెత్తు బేటా అంది.

పిల్ల నావైపు తిరిగింది. "జుడ్ గయీ, పిన్నీ?"

అతుక్కుందా అని. అప్పుడు అర్థమైంది నాకు, పిల్ల కూడా నమ్మిందని. తన ఎముక బాగుందని మాతో అంటూనే ఉంది, మేమే కాదన్నాం. అన్ని వారాలు ఆ పచ్చడి తిన్నది, అతుక్కుంటుందనే కదా. నేను ఏదో అనేలోపే నా చెయ్యి వదిలేసి పరిగెత్తింది. పరుగంటే కాలు మడతపడి ముఖం మీద పడటమే. మోచేయి కొట్టుకుపోయింది. ఏడుపు మాత్రం రాలేదు. లేవకుండా పడుకునే తల తిప్పి, "ఫిర్ సే టూట్ గయీ" అంది. మళ్ళీ విరిగిపోయింది అని.

అక్క వెళ్ళి ఎత్తుకుంది. గడ్డి దులిపింది. బెంచీల దగ్గరికి వచ్చి నిలబడి మాట్లాడింది. మా అక్క హిందీ ఆఫీసు హిందీ, ఆడా మగా తేడాలేదు, అంతా ఒకటే లింగం.

"ఫ్రాక్చర్ నహీ హై. హమ్ ఝూట్ బోలా" అంది. అబద్ధం చెప్పామని. పోలియో లాంటి జబ్బని, పోలియో కాదంటున్నారని, ఎందుకొచ్చిందో డాక్టర్లకే తెలియదని చెప్పింది. ఆ జ్వరాల తర్వాత మీ పిల్లల్లో ఎవరికైనా ఇలా అయితే దాచకండి, మాకు చెప్పండి అని అడిగింది.

మంచి కథలో అయితే అందరూ లేచి వచ్చి కావలించుకోవాలి. ఒక ఆంటీ తన కొడుకును పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఇంకొకావిడకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. ఎదురింటి ఆంటీ మాత్రం కదలకుండా పిల్ల మోచేతి వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత కొన్నాళ్ళు మా పిల్లతో ఆడుకోవడానికి వచ్చేవాళ్ళు తగ్గారు. అత్తయ్యగారు ఊహించింది ఊహించినట్టే జరిగింది. ఆవిడ ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

తెలుగు ఆంటీకి ఈ సంగతి వేరే చెప్పవలసి వచ్చింది. డబ్బా తిరిగివ్వడానికి నేనే వెళ్ళాను. అంతా విని డబ్బా మూత తీసి లోపలికి చూసింది.

"మరి నా నల్లేరు?" అంది.

"తిన్నాం ఆంటీ. అందరం తిన్నాం."

"పోనీలే, ఎముకలు గట్టిపడి ఉంటాయి" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "మా మనవడికీ ఆ జ్వరమే వచ్చింది, నేను ఎంత తేలిగ్గా తీసుకున్నానే అమ్మాయ్."

తర్వాత శని ఆదివారాలు అక్కా నేనూ టవర్లన్నీ తిరిగాం. ఆఫీసరువాళ్ళు మళ్ళీ వస్తారు గానీ ఎప్పుడొస్తారో తెలియదు, అక్క ఆగలేకపోయింది. బెల్లు నొక్కడం, అడగడం. అక్క హిందీకి లింగాలు సరిచేయడం నా ఉద్యోగం. జ్వరం వచ్చినవాళ్ళు బోలెడుమంది. దగ్గు, వాంతులు, ఒంటిమీద దద్దుర్లు. కాలు చచ్చుబడినవాళ్ళు లేరు. ప్రతి ఇంట్లోనూ మాకు ఒక కారణం చెప్పి పంపేవాళ్ళు. ట్యాంకర్ నీళ్ళన్నారు, స్కూలు స్విమ్మింగ్ పూలన్నారు, గాలన్నారు. ఒక అంకుల్ వాస్తు అన్నాడు. తొమ్మిదో అంతస్తులో నైరుతి మూల బాల్కనీ ఉండకూడదట. మా పైనా కిందా ఉన్నవాళ్ళందరికీ నైరుతి మూలే బాల్కనీ, అది కట్టడం అలా కట్టారు.

నాలుగో టవర్‌లో ఒక తలుపు తీసిన ఆవిడను అడిగితే, అవును మా బాబుకు కాలు బాగోలేదు, నెలరోజులైంది అంది. అక్క నా మణికట్టు పట్టుకుంది. లోపలికి రమ్మన్నారు. కుర్రాడు సోఫాలో కాలు చాపుకుని కూర్చున్నాడు. మోకాలి దాకా తెల్లటి కట్టు, దాని మీద స్నేహితుల సంతకాలు, ఎవరో గీసిన డైనోసార్. ఫుట్‌బాల్ ఆడుతూ పడ్డాడట. నిజంగా ఫ్రాక్చరే.

అక్క త్వరగా తగ్గాలని చెప్పి, వాళ్ళిచ్చిన మంచినీళ్ళు తాగి బయటికి వచ్చింది. లిఫ్ట్‌లో అద్దానికి ఆనుకుంది.

"నాకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చిందే. ఇంకో పిల్లాడికి కూడా వచ్చిందని. నేనేం మనిషినే?"

నేను లిఫ్ట్ బటన్ల వైపు చూశాను.

"అక్కా, మనం బటన్ నొక్కలేదు" అన్నాను. నిజంగానే లిఫ్ట్ అక్కడే ఉంది. నొక్కాను. కిందికి దిగేదాకా నా మణికట్టు వదల్లేదు.

ఎవరూ దొరకలేదు. దొరకకపోవడం మంచివార్తే అని బావ అన్నాడు. అక్షరాలా మంచివార్తే. ఇంట్లో ఎవరికీ అలా అనిపించలేదు.

రెండు నెలలు దాటాక ఆఫీసరు చివరి పరీక్షకు వచ్చాడు. బలహీనత ఇంకా ఎంత మిగిలిందో ఒకసారి చూడాలట, అదీ నియమమే. ఫ్లాట్ బయట వరండాలో పిల్లను నడిపించాడు. తలుపులు ఓరగా తెరుచుకున్నాయి. పిల్ల గోడ పట్టుకోకుండా, కుడివైపు ఒరుగుతూ, అటు చివరిదాకా వెళ్ళి వచ్చింది. వస్తూ ఎదురింటి ఆంటీకి చెయ్యి ఊపింది. టేపుతో రెండు పిక్కలూ కొలిచాడు. కుడిది సన్నబడింది. అది చూడటానికి టేపు అక్కర్లేదు.

లోపలికి వచ్చి టీ తాగుతూ ల్యాబు ఫలితం చెప్పాడు. పోలియో కాదు. ఆసుపత్రివాళ్ళు వెతికిన మిగతావీ దొరకలేదు. మరైతే ఏమిటది అని అక్క అడిగింది.

"యే నహీ హై, బస్ ఇత్నా పతా హై" అన్నాడు. ఇది కాదు అన్నంత వరకే తెలుసు అని.

ఇంకా బాగవుతుందా అంటే, కొంత అవుతుంది, ఎంతో చెప్పలేను, గట్టిగా చెప్పేవాళ్ళెవరైనా కనిపిస్తే వాళ్ళకు దూరంగా ఉండండి అన్నాడు. అతను లేవబోతుంటే అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో నుంచి తెలుగులోనే అడిగారు. "బాబూ, మేం చేసినదాని వల్లగానీ, చేయకపోయినదాని వల్లగానీ వచ్చిందా ఇది?"

ఏమంటున్నారని అతను నన్ను అడిగాడు. ఇంకొంచెం టీ తీసుకుంటారా అని అడుగుతున్నారని చెప్పాను.

"నహీ, నహీ, మాతాజీ" అన్నాడతను, చెయ్యి అడ్డంగా ఊపుతూ.

అత్తయ్యగారు తల వంచి కాసేపు అలాగే నిలబడి, లోపలికి వెళ్ళారు. నేను చేసిన అనువాదాల్లో నాకు నచ్చింది అదొక్కటే.

చలికాలం వచ్చినా పిల్ల నడక అంతకంటే ముందుకి పోలేదు. పాదం జారిపోకుండా ప్లాస్టిక్ పట్టీ ఒకటి కొలత తీసి చేయించారు. అరికాలి కింద నుంచి పిక్క వెనకగా మోకాలి కింద దాకా వస్తుంది. పెరిగేకొద్దీ మార్చాలన్నారు. ఎన్నాళ్ళని బావ అడిగితే, పెరిగినన్నాళ్ళు అన్నారు. పట్టీ పెడితే మామూలు బూటు పట్టదు, వెడల్పాటిది కావాలి. ఇందిరాపురం మాల్స్‌లో దొరికినవన్నీ సన్నవే. అలాంటివి కరోల్ బాగ్‌లో దొరుకుతాయని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది.

ఇంట్లో అది పండగయింది. ఆసుపత్రికి కాకుండా పిల్ల బయటికి వెళ్ళడం జబ్బు తర్వాత అదే మొదలు. వారాంతంలో పనిచేసినందుకు బావకు ఒకరోజు సెలవు కలిసొచ్చింది. అత్తయ్యగారు పిల్లకు రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టారు. నేను క్లాసులు ఎగ్గొట్టి వచ్చాను, అందులో త్యాగమేమీ లేదు. వైశాలిలో మెట్రో ఎక్కాం. పిల్లను చూసి ఒకతను లేచి సీటు ఇచ్చాడు. నహీ అంకుల్ అని చెప్పి, మధ్యలో ఉన్న స్తంభం రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. అక్క పట్టుకోబోతే ఆ చేయి తీసేసింది. స్టేషన్ వచ్చి బండి ఆగిన ప్రతిసారీ ఊగింది, పడలేదు. యమునా బ్రిడ్జి మీద ఎండ పడి పెట్టె అంతా వెలిగింది. అక్క కళ్ళలో నీళ్ళు చూసి బావ కిటికీ వైపు తిరిగాడు. అత్తయ్యగారు లోపల ఏదో జపం చేసుకుంటున్నారు. నేను కూడా ఒక్క మాట అనలేదు, అంతటి ఘట్టం అది.

కరోల్ బాగ్‌లో లిఫ్ట్‌లో కిందికి దిగి, పిల్లను ముందు నడిపించుకుంటూ బజారులోకి వెళ్ళాం. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఆ రోజు సోమవారం. కరోల్ బాగ్ మార్కెట్‌కి సోమవారం సెలవు.